దివ్రియి మసీదును తెలుగులో చెప్పాలంటే

సందేహం: తుర్కీ దేశం వెళ్లివచ్చాక మా గ్రంథాలయ వార్షిక సంచికకు ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో కొన్ని వాక్యాలు ఇవి: “టర్కీలోని దివ్రిగి పట్టణంలో 1228లో అహ్మద్ షా, తురాన్ మాలిక్ అనే ఇద్దరు రాజులు ఉలు కామి మసీదును, దాని పక్కన ఆసుపత్రిని కట్టారు. పడమటి గోడలోని గర్భగుడి, నాలుగు గోపురాలు చూడదగ్గవి. లోపలి గోడలు బోసిగా ఉంటాయి.” నేను మొదట ‘మిహ్రాబ్’, ‘పోర్టల్’ అనే రాశాను. తెలుగు వ్యాసంలో పరాయి మాటలెందుకని మా మిత్రుడు వాటిని ‘గర్భగుడి’, ‘గోపురం’ అని దిద్దాడు. ఇది సరేనా?

సమాధానం: సరి కాదు. మీ మిత్రుడి ఉద్దేశం మంచిదే కానీ, ఆ దిద్దుబాటుతో కట్టడం రూపమే మారిపోయింది. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు ఊరి పేరు. తుర్కీ భాష 1928లో లాటిన్ లిపికి మారింది. ఆ లిపిలో గకారపు అక్షరం నెత్తిన చిన్న నెలవంక ఉంటే దాన్ని ‘యుముషాక్ గే’ అంటారు, అంటే మెత్తని గ. పేరుకే అది గ. నోట్లో మాత్రం ముందున్న అచ్చును సాగదీస్తుంది, లేదా కరిగిపోతుంది. కాబట్టి అక్కడివాళ్లు అనేది దివ్రి-ఇ. ఇలా రెండు అచ్చులు పక్కపక్కన పడితే తెలుగులో ఏం చేయాలో మన వ్యాకరణమే చెప్పింది: సంధి లేని చోట యడాగమం. మా ఇల్లు మాయిల్లు అయినట్టే దివ్రి-ఇ కూడా దివ్రియి అవుతుంది. అలా రాస్తే తుర్కీ పలుకుబడికీ దగ్గరగా ఉంటుంది, తెలుగు నోటికీ ఇబ్బంది ఉండదు. మన పత్రికల్లో ఆ దేశాధ్యక్షుడి పేరు ‘ఎర్డోగాన్’ అయిందీ ఈ అక్షరం వల్లే. ఇక ఆ భాషలోని తకారం మన తకారంలా పళ్లకు తగిలి పలుకుతుంది. అందుకే తుర్కీ అనీ, ఆ దేశపు ఆసియా భాగాన్ని అనతోలియా అనీ రాయడం మేలు. ‘ట’ ఇంగ్లీషు నోటి నుంచి వచ్చింది. అక్కడి జనాన్ని తుర్కులు అనండి. ‘తురక’ కూడా ఆ మూలం నుంచే పుట్టిన మాటే కానీ, మన దగ్గర అది వేరే అర్థంలోకి, చాలాసార్లు చిన్నచూపులోకి జారిపోయింది.

‘ఉలు కామి’ కూడా ఆ లిపి తెచ్చిన తంటాయే. ఇంగ్లీషులో క, స పలికే ఆ అక్షరం తుర్కీలో ఎప్పుడూ జకారమే. కనుక అది ఉలు జామి. ఉలు అంటే పెద్ద. జామి మనకు తెలిసిన మాటే, మన ఊళ్లలోని జామా మసీదు, జామియా మసీదుల్లో ఉన్నది అదే. జుమ్మా నమాజుకు ఊరంతా ఒకచోట చేరే మసీదు అని దాని అర్థం. వాడకట్టులోని చిన్న మసీదును తుర్కులు ‘మెస్జిత్’ అంటారు, పెద్దదాన్ని జామి అంటారు. కాబట్టి ‘ఉలు జామి మసీదు’ అంటే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు. ‘ఉలు జామి’ అనండి, లేదా ‘పెద్ద మసీదు’ అనండి.

ఇప్పుడు ఆసుపత్రి. మీ వ్యాసంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట ఇదే. ముందుగా, అది మసీదు ‘పక్కన’ ఉన్న వేరే కట్టడం కాదు. రెండూ ఒకే రాతి కట్టడం. మసీదు దక్షిణపు గోడే ఆసుపత్రికి ఉత్తరపు గోడ. 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది కూడా ఈ రెండూ కలిసే. తుర్కులు ఆ ఆసుపత్రిని దారుష్షిఫా అంటారు. ఈ మాట మీకు ఎక్కడో విన్నట్టు లేదా? హైదరాబాదు పాతబస్తీలో దారుల్‌షిఫా ఉంది కదా! మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో అక్కడ ఆసుపత్రి కట్టించాడు. ఆసుపత్రి పోయినా దాని పేరు పేటకు మిగిలింది. అరబ్బీలో ‘దార్’ అంటే ఇల్లు, ‘షిఫా’ అంటే స్వస్థత. నడుమ ఉన్న ‘అల్’లోని లకారం షకారం ముందు దానిలోనే కలిసిపోతుంది. తుర్కులు పలికినట్టు రాస్తే దారుష్షిఫా, రాతలోని లకారాన్ని నిలిపితే దారుల్‌షిఫా. దివ్రియికి మొదటిది, హైదరాబాదుకు రెండోది వాడండి. ఎక్కడి వాడుక అక్కడిది.

మరి దానికి తెలుగు మాట కావాలంటే? ‘ఆసుపత్రి’ తప్పేమీ కాదు, అయితే అది ఐరోపావాళ్లతో వచ్చిన మాట. పదమూడో శతాబ్దపు కట్టడానికి పదమూడో శతాబ్దపు మాటే మన దగ్గర సిద్ధంగా ఉంది. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం, 1261 నాటిది, శైవుల గోళకి మఠానికి ఇచ్చిన దానాన్ని వివరిస్తూ ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను పేర్కొంది. దివ్రియి కట్టడం 1228–29 నాటిది. నడుమ ముప్పై మూడేళ్లకు మించిన దూరం లేదు. అక్కడ మసీదును ఆనుకుని, ఇక్కడ మఠాన్ని ఆనుకుని, దాతలిచ్చిన ఆదాయంతో రోగులకు వైద్యం. దారుష్షిఫాకు ‘ఆరోగ్యశాల’ కన్నా అతికిన మాట నాకు తోచదు. మీ మిత్రుడు తెలుగు మాట కావాలని పట్టుబట్టాల్సిన చోటు నిజానికి ఇది.

ఆ ఆరోగ్యశాల లోపలికి వెళ్తే నడుమ కప్పుకు ఒక తెరుపు, దాని కింద నీటి తొట్టి, చుట్టూ గదులు. మన కోస్తా జిల్లాల మండువా లోగిళ్లు చూసినవాళ్లకు ఆ అమరిక ఇట్టే అర్థమవుతుంది. ముందువైపు గోడ లేకుండా నడిమి హాలులోకి పూర్తిగా తెరుచుకునే కమాను గదులున్నాయి. వాటిని ‘ఐవాను’ అంటారు. మొదటిసారి వివరించి, ఆపైన ఐవాను అనే వాడండి. ఆ కట్టడంలోనే కట్టించిన కుటుంబం సమాధులూ ఉన్నాయి. తర్వాతి కాలంలో దాన్ని మదరసాగా వాడారు.

‘పడమటి గోడలోని గర్భగుడి’లో రెండు పొరపాట్లు ఉన్నాయి. మనకు మక్కా పడమట ఉంది కాబట్టి, తెలుగు నేల మీది మసీదుల్లో ఖిబ్లా గోడ, అంటే నమాజుకు తిరిగి నిలబడే వైపు గోడ, పడమటి గోడే. ఆ అలవాటు మీ కలంలోకి వచ్చేసింది. దివ్రియికి మక్కా దాదాపు సూటిగా దక్షిణాన ఉంటుంది. కాబట్టి అక్కడ ఖిబ్లా గోడ దక్షిణపు గోడ. పడమటి గోడలో ఉన్నది వాకిలి. ఇక మిహ్రాబు గర్భగుడి కాదు. గర్భగుడిలో మూలవిరాట్టు ఉంటుంది, అర్చకులు తప్ప ఇతరులు అడుగుపెట్టరు. మిహ్రాబు ఖాళీగా ఉండే గూడు. నమాజుకు ఎటు తిరగాలో చూపుతుంది, దాని ముందు ఇమాం నిలబడతాడు, అంతే. దీపం గూడు, అలమార గూడు అంటూ ఇంట్లో వాడే ఆ ‘గూడు’ ఇక్కడ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. “ఖిబ్లా గోడలోని గూడు, మిహ్రాబు” అని ఒకసారి చెప్పి, ఆపైన మిహ్రాబు అనండి. మన ముస్లింలు ‘మెహరాబు’ అంటారు, అదీ ఒప్పే. గర్భగుడి అన్నా గోపురం అన్నా వాటిలోనూ సంస్కృతం ఉంది. మీ మిత్రుడు ఒక అరువు మాట తీసి మరో అరువు మాట పెట్టారు, అదీ తన అర్థాన్ని వెంటబెట్టుకొచ్చే మాట. మసీదు, మినారు, గుమ్మటం, కమాను, నగిషీ: ఇవి దక్కనులో ఎన్నో తరాలుగా మన మేస్త్రీల నోట నలిగినవి. ‘కమాను’ పారశీలో విల్లు అని ఇవాళ ఎవరికి గుర్తుంది? అవి తెలుగు మాటలే.

గోపురమూ అంతే. కోవెల వాకిలి మీద అంతస్తులుగా లేచే కట్టడం గోపురం. దివ్రియిలో మీరు చూసినవి గోడలోనే చెక్కిన వాకిళ్లు, మసీదుకు మూడు, ఆరోగ్యశాలకు ఒకటి. మసీదు కప్పు మీద లేచినవి గుమ్మటాలు. ఉత్తరపు వాకిలిని ‘సింహద్వారం’ అనవచ్చు. మిహ్రాబుకు ఎదురుగా ఉన్న ముఖ్య ద్వారం అదే. అక్కడ ఆకులు, పువ్వులు గోడ నుంచి విడిపోయి ముందుకు వచ్చినట్టు లోతుగా చెక్కారు. దీన్ని ‘ఉబ్బెత్తు చెక్కడం’ అనండి. పడమటి వాకిలి దానికి పూర్తిగా వేరు. చెక్కడం చదునుగా, సన్నగా, రాతి మీద బట్ట పరిచినట్టు ఉంటుంది. తుర్కులూ దాన్ని బట్టపేరుతోనే, ‘తెక్‌స్తిల్ కపు’ అని పిలుస్తారు. దీనికి ‘నగిషీ’ సరైన మాట. రెండిటినీ ‘అందమైన శిల్పాలు’ అని ఒక్కమాటతో సరిపెట్టకండి. ఒకే కట్టడంలో ఇంత వేర్వేరు పనితనం ఉండటమే దీని గొప్ప.

ఆ పడమటి వాకిలి పక్కన రెండు తలల గద్ద బొమ్మ ఉంది. దాన్ని గండభేరుండం అనాలనిపిస్తుంది. అచ్యుతదేవరాయల నాణేల మీద చూశాం కదా! పోలిక చెప్పండి, పేరు మాత్రం పెట్టకండి. గండభేరుండానికి మన పురాణాల కథలు ఉన్నాయి, దివ్రియి గద్ద సెల్జుక్ అనే తుర్కు వంశం ఏలిన కాలపు అనతోలియాది. ఆ కాలంలో ఆ నేలను ‘రూం’ అనేవారు. నిజాం కాలపు హైదరాబాదులో పెట్టుకున్న రూమీ టోపీలో ఉన్నది ఆ పేరే.

లోపలి గోడలు ‘బోసిగా’ అన్నారు. బోసి అంటే ఉండాల్సింది లేకపోవడం, బోసి నోరు, బోసి మెడ. అక్కడ ఏదీ పోలేదు. వాకిళ్ల మీద అంత నగిషీ చేసినవాళ్లు లోపలి గోడలను కావాలనే వదిలేసి, తమ నైపుణ్యాన్ని కప్పుకు పెట్టారు. నాలుగు వరుసల్లో పదహారు స్తంభాలు, పైన రకరకాల రాతి కమానుల కప్పు. ‘సాదాగా’ అనండి.

ఇక మనుషులు. ‘ఇద్దరు రాజులు’ కాదు. మసీదు కట్టించినవాడు మెంగుజెక్ వంశపు అహ్మద్ షా, సెల్జుక్ సుల్తాను అలాఉద్దీన్ కైకుబాద్‌కు లోబడిన పాలకుడు. ఆరోగ్యశాల కట్టించిన తురాన్ మెలెక్ స్త్రీ. శాసనం ఆమెను ఎర్జింజాన్ పాలకుడు ఫఖ్రుద్దీన్ బెహ్రాంషా కూతురిగా చెబుతుంది. అహ్మద్ షా భార్య అని లోకం అంటుంది. తుర్కీ భాషలో అతడికీ ఆమెకూ ఒకే సర్వనామం, క్రియలోనూ తేడా కనబడదు. తెలుగు క్రియ అలా దాచనివ్వదు. ‘కట్టించాడు’ అని రాసిన క్షణమే ఆ రాకుమారి చరిత్రలోంచి జారిపోతుంది. రుద్రమదేవి ‘పాలించింది’ అన్నట్టే తురాన్ మెలెక్ ‘కట్టించింది’ అని రాయండి.

‘కట్టారు’ అన్న క్రియ కూడా మార్చండి. కట్టడం వేరు, కట్టించడం వేరు. ఈ తేడాను ఒక్క ప్రత్యయంతో చెప్పగల భాష మనది. ఇక్కడ దాని అవసరం ఉంది, ఎందుకంటే కట్టినవాడి పేరు కూడా ఆ రాళ్లమీద ఉంది: హుర్రెమ్‌షా, వాన్ సరస్సు ఒడ్డున ఉన్న అహ్లాత్ వాసి. పేరు చివరి ‘అహ్లాతి’ ఇంటిపేరు కాదు, ఊరిపేరు. లోపలి మింబరు, అంటే జుమ్మా నాడు ఖుత్బా (ప్రసంగం) చదివే మెట్లపీఠం, నల్లని చేవ ఉన్న ఎబొనీ కొయ్యతో 1241లో చేసినది. దాన్ని చేసిన వడ్రంగి పేరు కూడా అహ్మదే. పాలకుడు అహ్మద్ షాతో కలిసిపోకుండా అతణ్ణి ‘తిఫ్లిసు అహ్మదు’ అనండి. ఆ తిఫ్లిసే ఇవాళ జార్జియా రాజధాని త్బిలిసి. అహ్మద్ షా కట్టించాడు, హుర్రెమ్‌షా కట్టాడు, తిఫ్లిసు అహ్మదు చెక్కాడు.