ఏ నిబంధన కింద జరిగిన చర్చ?

చిరంజీవికి ఆశీస్సులు.

గల్ఫ్ కార్మికుల గురించి పార్లమెంటులో వచ్చిన చర్చల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు జగిత్యాల బస్టాండులో పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవరులో చుట్టి చొక్కా లోపల దాచుకున్న మనిషి కళ్లకు కట్టాడు. ఆ రెండు పేరాల జోలికి ఎవరినీ రానీయకు. రెండోసారి చదివేటప్పుడు మాత్రం నా చెయ్యి ఎర్ర సిరా కలం మీదికి పోయింది. "ఈ అంశంపై లోక్‌సభ దద్దరిల్లింది" అని మొదలుపెట్టావు. సభ దద్దరిల్లడం, అట్టుడికిపోవడం, సభ్యులు నిప్పులు చెరగడం మన పత్రికల్లో రోజూ జరిగే పనులే. ఆ మాటలు కొట్టేశాక కింద ఏం మిగిలిందో చూస్తే గాని అది వార్తో కాదో తేలదు. నీ వాక్యంలో ఏమీ మిగల్లేదమ్మా. అక్కడ జరిగింది ప్రశ్నోత్తరాలా, జీరో అవరులో రెండు నిమిషాల ప్రస్తావనా, స్వల్పకాలిక చర్చా, ఓటింగుతో ముగిసిన తీర్మానమా అన్నది వ్యాసం చివరిదాకా నాకు తెలియలేదు.

ఇది ముసలివాడి చాదస్తమని నవ్వుకోకు. నేను పనిలో చేరిన కొత్తలో, లోక్‌సభలో 193వ నిబంధన కింద జరిగిన ఒక చర్చను గురించి "సభ తీర్మానించింది" అని రాసి పంపాను. ఆ నిబంధన కింద తీర్మానమూ ఉండదు, ఓటింగూ ఉండదు. సభ్యులు మాట్లాడతారు, మంత్రి జవాబిస్తారు, అంతటితో సరి. మర్నాడు డెస్కులో పెద్దాయన ఆ కాగితం నా ముందు పెట్టి, "ఏమని తీర్మానించారో చదివి వినిపించు నాయనా" అన్నారు. వినిపించడానికి ఏముంది? సవరణ లోపలి పేజీలో ఒక మూల అచ్చయింది. అప్పటినుంచి సభలో జరిగిన దేన్ని గురించి రాయాలన్నా ముందు నిబంధన సంఖ్య రాసుకుని, తరవాతే ప్రసంగాల జోలికి వెళ్తాను.

ఓటు ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఎంతో తెలియాలంటే 2012 శీతాకాల సమావేశాల రికార్డులు తిరగెయ్యి. చిల్లర వర్తకంలోకి విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులను 51 శాతం దాకా అనుమతిస్తూ ప్రభుత్వం అప్పటికే నిర్ణయం తీసేసుకుంది. ఓటింగు ఉండే 184వ నిబంధన కిందే చర్చ జరగాలని ప్రతిపక్షం పట్టుబట్టడంతో, అసలు విషయం మీద ఒక్క ప్రసంగమైనా జరగకముందే రోజులు గడిచిపోయాయి. తలలు లెక్కపెట్టుకున్నాకే ప్రభుత్వం సరేనంది. చివరికి డిసెంబరు 5న లోక్‌సభలో ప్రతిపక్ష తీర్మానానికి అనుకూలంగా 218, వ్యతిరేకంగా 253 ఓట్లు వచ్చాయి. సమాజ్‌వాదీ, బీఎస్పీ సభ్యులు ఆ పెట్టుబడులను మాటల్లో తప్పుపట్టి, ఓటింగు వేళకు లేచి బయటికి నడిచారు. రెండు రోజుల తరవాత రాజ్యసభలో బీఎస్పీ నేరుగా ప్రభుత్వం వైపే ఓటేసింది, అక్కడ తీర్మానం 109–123తో వీగిపోయింది. ప్రసంగాలు మాత్రమే విని ఇంటికి వెళ్లి రాసినవాడైతే ప్రభుత్వం ఓడిపోయిందని రాసి ఉండేవాడు.

ఇక నీ రెండో పేజీ. "యూఏఈతో వాణిజ్య ఒప్పందాన్ని పార్లమెంటు ఆమోదించింది" అన్నావు. ఆమోదించలేదు. ఆమోదించవలసిన పని కూడా మన రాజ్యాంగం ప్రకారం లేదు. ఇతర దేశాలతో ఒప్పందాలు చేసుకోవడం కేంద్ర జాబితాలో 14వ అంశం. వాటిని అమలుచేయడానికి చట్టం కావలసి వస్తే ఆ చట్టం చేసే అధికారాన్ని 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చిందే గాని, సంతకానికి ముందు సభ అనుమతి తీసుకోవాలని ఎక్కడా చెప్పలేదు. యూఏఈ ఒప్పందం మీద 2022 ఫిబ్రవరి 18న సంతకాలు జరిగాయి. ఆ ఏడాది బడ్జెట్ సమావేశాల తొలి విడత ఫిబ్రవరి 11న ముగిసి, మలి విడత మార్చి 14న మొదలైంది కాబట్టి సంతకాల నాడు సభ లేదు. ఒప్పందం అమల్లోకి వచ్చిన మే 1న కూడా లేదు. సుంకాల తగ్గింపు కస్టమ్స్ చట్టం కింద ఇచ్చే నోటిఫికేషన్లతో అయిపోయింది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, అలాగని పాఠకుడికి చెప్పనక్కర్లేనంత చిన్న విషయమూ కాదు. బ్రిటన్‌లో 2010 నాటి చట్టం ప్రకారం ఒప్పందాన్ని ధ్రువీకరించే ముందు 21 సభాదినాల పాటు పార్లమెంటు ముందుంచాలి. అక్కడ కూడా ఆ గడువులో చర్చ జరిగితీరుతుందన్న హామీ లేదు గాని, కాగితం ముందుగా సభ్యుల చేతికి వస్తుంది.

మన దగ్గర సంతకం చాలని చోటు ఒకటుంది, అది నేల. పశ్చిమ బెంగాల్‌లోని బెరుబారి ప్రాంతాన్ని పాకిస్తాన్‌తో పంచుకునే ఒప్పందం వచ్చినప్పుడు, దేశ భూభాగాన్ని వదులుకోవాలంటే రాజ్యాంగాన్ని సవరించాల్సిందేనని సుప్రీంకోర్టు 1960లో చెప్పింది. అందుకే 1974లో బంగ్లాదేశ్‌తో కుదిరిన సరిహద్దు ఒప్పందం 2015 మే నెలలో 100వ రాజ్యాంగ సవరణ వచ్చేదాకా పూర్తిగా అమలుకు నోచుకోలేదు. అవతలి గడ్డ మీద మన చిట్టి భూఖండాలు 111, ఇవతల వాళ్లవి 51, వాటిలో ఏ దేశమూ తమవాళ్లని అనని జనం. ఈ బిల్లు 2013లో రాజ్యసభకు వచ్చినప్పుడు వ్యతిరేకించిన పక్షమే 2015లో అధికారంలో ఉండి దాన్ని గట్టెక్కించింది. రెండు సమావేశాల రికార్డులను పక్కపక్కన పెట్టుకుని చదువు. రాయడానికి వంద పేజీల సరుకు దొరుకుతుంది, అందులో నువ్వు సొంతంగా చేర్చవలసిన విశేషణం ఒక్కటీ ఉండదు.

గల్ఫ్ విషయానికి వస్తాను, నీ వ్యాసానికి గుండెకాయ అదే. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230. నక్షత్రం ఉన్నవాటికి మంత్రి లేచి జవాబు చెప్పాలి, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గంటసేపట్లో వాటిలో కొన్నే సభలో చర్చకు వస్తాయి. మిగతావాటికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది, టీవీలో కనిపించదు, ఎవరూ అరవరు. వలస వెళ్లిన మనవాళ్ల బతుకు దాదాపు అంతా ఈ గుర్తు లేని ప్రశ్నల్లోనే ఉంది. అందుకే నువ్వు ఎవరు ఎంత గట్టిగా అరిచారన్నది వదిలిపెట్టి, ఆ కాగితాలు ముందేసుకుని కూర్చోవాలి.

ఆ కాగితాన్ని ఎలా చదవాలో చెబుతాను. ప్రశ్నలో (ఎ), (బి), (సి), (డి) అని భాగాలుంటాయి. "(ఎ): లేదు. (బి) నుంచి (డి): ప్రశ్న ఉత్పన్నం కాదు" అని వస్తే, ప్రశ్న అడిగిన తీరులోనే తలుపు తెరిచి పెట్టారన్నమాట. మొదటి భాగానికి "లేదు" అనగలిగితే తక్కినవన్నీ దానంతటవే పడిపోయేలా అల్లిన ప్రశ్న అది. అన్ని భాగాలకూ కలిపి "(ఎ) నుంచి (డి)" అని ఒకే పెద్ద పేరా వస్తే, నాలుగు ముక్కలనూ విడివిడిగా రాసుకుని, ఆ పేరాలో ఏ ముక్కకు జవాబుందో వేలు పెట్టి చూడు. ఒకటి రెండు ముక్కలకు ఉండదు. అడిగింది రాష్ట్రాలవారీ లెక్క, ఇచ్చింది దేశాలవారీ లెక్క అయితే ఆ తేడానే నీ వార్త. "సమాచారాన్ని సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం" అని వస్తే మాత్రం చాలామంది విలేకరుల్లా విసుక్కుని పక్కన పడెయ్యకు. సభా సంప్రదాయంలో ఆ వాక్యం హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, నెరవేర్చారా లేదా అని చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ప్రత్యేకంగా ఉంది. తేదీ రాసిపెట్టుకుని మూడు నెలల తరవాత మళ్లీ వెళ్లి అడిగిన విలేకరిని నా జీవితంలో ఇద్దరినే చూశాను.

కనీస సిఫారసు వేతనం సంగతి నీ వ్యాసంలో ఒక్క వాక్యంలో దాటిపోయింది. అదే నీ వ్యాసానికి వెన్నెముక కావాలి. పదో తరగతి పాసవని కార్మికుడు గల్ఫ్ సహా 18 దేశాల్లో దేనికి పనికి వెళ్లాలన్నా 1983 నాటి వలస చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఒప్పందపత్రంలో జీతం విదేశాంగ శాఖ సూచించిన మొత్తానికి తగ్గకూడదు. 2020 సెప్టెంబరులో, కరోనాతో ఉద్యోగాలు పోతున్న కాలంలో, ఆ మొత్తాన్ని కొన్ని గల్ఫ్ దేశాలకు 200 డాలర్లకు తగ్గిస్తూ సర్క్యులర్లు వెలువడ్డాయి. మన కార్మికులను అక్కడివాళ్లు వద్దనకుండా ఉండాలన్నది ప్రభుత్వం వైపు వాదన. ఆ వాదనను తీసిపారెయ్యకుండా పూర్తిగా రాయి, ఎందుకంటే నేపాలీ, బంగ్లాదేశీ కార్మికుడితో పోటీ నిజంగానే ఉంది. వ్యవహారం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది, 2021లో పాత మొత్తాలనే మళ్లీ తెచ్చారు. ఆ రెంటికీ నడుమ సంతకం చేసి విమానం ఎక్కినవాడి జీతం ఎంత? దీన్ని విదేశీ వ్యవహారం అనాలా, వాణిజ్యం అనాలా, మానవ హక్కు అనాలా? సచివాలయంలో వీటికి మూడు వేరువేరు గదులున్నాయి. బస్టాండులోని ఆ మనిషికి మూడూ ఒకే కాగితం మీద ఉన్నాయి, ఆ కాగితం మీద ఏ సభా ఓటు వెయ్యలేదు.

మానవ హక్కుల మాట వచ్చింది కాబట్టి ఒక బిల్లు కథ చెప్పాలి. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికపై మన దేశం 1997లో సంతకం చేసింది. దాన్ని ధ్రువీకరించడానికి వీలుగా తెచ్చిన బిల్లును లోక్‌సభ 2010 మే 6న ఆమోదించింది. రాజ్యసభ దాన్ని పరిశీలనకు కొందరు సభ్యులతో వేసిన సెలెక్ట్ కమిటీకి పంపింది, కమిటీ అదే ఏడాది నివేదిక ఇచ్చింది, ఆపైన బిల్లు కదల్లేదు. 2014లో లోక్‌సభ రద్దవడంతో అదీ మురిగిపోయింది. ఈ కథను హక్కుల సంఘాల బాధగా మాత్రమే రాస్తే సగమే రాసినట్టు. 1995లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో ఆకాశం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో నిందితుణ్ణి అప్పగించమని మనం డెన్మార్క్‌ను అడిగితే, ఇక్కడ చిత్రహింసల ప్రమాదం ఉందన్న కారణంతో అక్కడి కోర్టు 2011లో నిరాకరించింది. రాజ్యసభలో ఆగిపోయిన బిల్లుకూ కోపెన్‌హాగన్ కోర్టు తీర్పుకూ మధ్య దారం కలపగలిగినవాడే ఈ విషయం మీద రాయగలడు.

వేరే దేశాల చట్టసభలు మన గురించి మాట్లాడినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. 2021 మార్చి 8న బ్రిటన్ పార్లమెంటు ఆవరణలో మన రైతుల ఉద్యమం మీద ఎంపీలు మాట్లాడారు. లక్షకు పైగా సంతకాలు పడిన వినతి మీద జరిగిన చర్చ అది, ఓటు లేదు, ప్రభుత్వాన్ని కట్టడి చేసే శక్తి లేదు. మర్నాడు ఢిల్లీలో బ్రిటిష్ హైకమిషనర్‌ను పిలిపించి నిరసన తెలిపారు. అది బ్రిటన్ ప్రభుత్వ ఖండన అని రాసినా తప్పే, ఊసుపోక మాట్లాడుకున్నారని రాసినా తప్పే. "మా అంతరంగిక వ్యవహారం" అన్న మాట విన్నప్పుడల్లా 1946ను గుర్తుచేసుకో. దక్షిణాఫ్రికాలో భారతీయుల పట్ల వివక్షను మనమే ఐక్యరాజ్యసమితిలో పెట్టాం, ఆ దేశంతో వర్తకాన్నే తెంచుకున్నాం, అది తమ సొంత వ్యవహారమని వాళ్లన్నారు. శ్రీలంక తమిళుల విషయంలో 2012లో జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో వచ్చిన తీర్మానానికి అనుకూలంగా ఓటేశాం. 2013లో, తీర్మానం పదును సరిపోదని డీఎంకే కేంద్ర ప్రభుత్వం నుంచి తప్పుకున్నాక కూడా అనుకూలంగానే ఓటేశాం. 2014లో ఓటింగుకు దూరంగా ఉన్నాం. దూరంగా ఉండటాన్ని నువ్వు ఒకచోట "వ్యతిరేకించింది" అని రాశావు. రెండూ ఒకటి కావు, ఆ తేడా కోసమే రాయబారులు రాత్రులు మేలుకుంటారు.

మాటల దగ్గర ఇంకొంచెం ఆగుతాను. "వాయిస్ ఓట్" అని రాశావు. మనకు "మూజువాణి ఓటు" అనే చక్కటి మాట ఉండగా అరువెందుకు? రికార్డులో నక్షత్రాలు కనిపించిన చోట సభాధ్యక్షుడు మాటలు తొలగించారని అర్థం. టీవీలో విన్నాను కదా అని ఆ మాటలను తిరిగి అక్కడ నింపకు. వీలైతే 1956 నవంబరులో హంగరీ మీద, 1959లో టిబెట్, చైనా మీద లోక్‌సభలో జరిగిన చర్చలు చదువు. ఆ ఏళ్లలో స్పీకర్ మన తిరుచానూరు మనిషి మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ప్రధానిని సొంత పార్టీవాళ్లే నిలబెట్టి ప్రశ్నలడిగిన రోజులవి. కేకలు లేని చోట కూడా ఎంత వేడి ఉంటుందో తెలుస్తుంది.

నీ వ్యాసం వెనక్కి పంపుతున్నాను. మొదటి వాక్యం కొట్టేశాను, మళ్లీ నువ్వే రాయి. సర్క్యులర్లు వచ్చిన నెలకూ పాత వేతనాలు తిరిగి వచ్చిన నెలకూ మధ్య జగిత్యాల నుంచి వెళ్లినవాళ్లు ఎవరైనా దొరుకుతారేమో వెతుకు. దొరికితే ఒప్పందపత్రంలో జీతం రాసిన గడి ఫోటో తీసుకో, పేరు మాత్రం రాయకు. నువ్వు వ్యాసంలో ఎత్తిచూపిన మంత్రి సమాధానంలో (సి) భాగం నీ చిత్తుప్రతిలో లేదు, అదెందుకు లేదో నాకు ఉత్తరం రాయి.