మాంచెస్టర్‌లో క్యాబ్, వుల్వర్‌హాంప్టన్ లైసెన్సు: ఆరు లక్షలు పంపాలా?

ప్రశ్న: మా అబ్బాయి మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేసి గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నాడు. ఎనిమిది నెలలుగా ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు, దొరకలేదు. ఇప్పుడు ప్రైవేట్ హైర్ డ్రైవరు లైసెన్సు తీసుకుని క్యాబ్ నడుపుతానంటున్నాడు. అదీ వుల్వర్‌హాంప్టన్ అనే వేరే ఊళ్లో లైసెన్సు తీసుకుని మాంచెస్టర్‌లో నడుపుతాడట. అందరూ అలాగే చేస్తున్నారంటాడు. ఇది దొంగదారి కాదా? పోలీసులు పట్టుకుని వెనక్కి పంపేస్తే? ఏ ఊరి లైసెన్సు మేలో పోల్చి చెప్పండి. కారు కొనడానికి ఆరు లక్షలు అడుగుతున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి చదివించాం. బంధువులకు ఏం చెప్పాలో తెలియడం లేదు. (ఒక తండ్రి, తెనాలి)

జవాబు: ఆ లైసెన్సు కారణంగా ఎవరూ మీ అబ్బాయిని పట్టుకుని విమానం ఎక్కించరు. ఆ భయంతోనే నిద్ర పట్టడం లేదంటే ఈ రాత్రికి నిశ్చింతగా పడుకోండి. ఇంగ్లండులో వేరే ఊరి లైసెన్సుతో ప్రైవేట్ హైర్ కారు నడపడం దొంగచాటు వ్యవహారం కాదు. చట్టమే అందుకు వీలు కల్పించింది. గ్రాడ్యుయేట్ వీసా ఉన్నవారు స్వయం ఉపాధి చేసుకోవచ్చు కూడా.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తున్నాయి. లీడ్స్, లెస్టర్, బర్మింగ్‌హామ్ అంటూ ఊళ్ల పేర్లు మారతాయి గానీ చివరి వాక్యం మాత్రం మారదు: బంధువులకు ఏం చెప్పాలి? మీ అసలు బాధ అక్కడుందని నాకు అర్థమైంది. దాని దగ్గరికీ వస్తాను. ముందు లైసెన్సు సంగతి.

రోడ్డు మీద చెయ్యెత్తి ఆపగలిగే టాక్సీని అక్కడ హాక్నీ క్యారేజ్ అంటారు. ముందుగా బుక్ చేసుకున్నవారినే ఎక్కించుకోవలసినది ప్రైవేట్ హైర్. యాప్ క్యాబ్‌లు చాలావరకు ఈ రెండో కోవలోవే. వీటికి లైసెన్సులు ఇచ్చేది మన రవాణా శాఖ లాంటిది కాదు, స్థానిక కౌన్సిల్, అంటే మన మునిసిపాలిటీ లాంటిది. ఇంగ్లండులో అలాంటి సంస్థలు 260కి పైగా ఉన్నాయి. ఎవరి నిబంధనలు వారివి, ఎవరి రుసుము వారిది. లండన్ బయట 1976 నాటి చట్టం ప్రకారం డ్రైవరుకు ఒకటి, కారుకు ఒకటి, బుకింగులు తీసుకునే ఆపరేటరుకు ఒకటి, మొత్తం మూడు లైసెన్సులు కావాలి. మూడూ ఒకే కౌన్సిల్ ఇచ్చినవై ఉంటే కారు ఏ ఊళ్లో తిరిగినా తప్పు లేదు. 2015 అక్టోబరు నుంచి ఇంకో వెసులుబాటు వచ్చింది. ఒక ఆపరేటరు తన బుకింగును మరో కౌన్సిల్ పరిధిలోని ఆపరేటరుకు అప్పగించవచ్చు. దాంతో తక్కువ ఖర్చుతో, త్వరగా పని తేల్చే కౌన్సిళ్ల వైపు డ్రైవర్లు బారులు తీరారు. వాటిలో పేరు మోసింది వుల్వర్‌హాంప్టన్. అది మాంచెస్టర్‌కు వంద కిలోమీటర్లకు పైగా దూరం. అయినా గ్రేటర్ మాంచెస్టర్‌లో తిరిగే ప్రైవేట్ హైర్ కార్లలో దాదాపు సగం బయటి లైసెన్సులవేనని మేయరు హోదాలో ఆండీ బర్నహామ్ పదేపదే మొత్తుకున్నారు.

ఈ తగాదా మనకు తెలియనిదేమీ కాదు. 2024 జూన్ 2న హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు తీరాక, ఆంధ్రప్రదేశ్ నంబరు క్యాబ్‌లు నగరంలో తిరగరాదని తెలంగాణ డ్రైవర్లు అడ్డుచెప్పారు. అటువైపు వాళ్లు వెళ్లి పవన్ కల్యాణ్‌కు మొరపెట్టుకున్నారు. మాంచెస్టర్ డ్రైవర్ల కోపమూ అలాంటిదే: ఎక్కువ రుసుము కట్టి, కఠినమైన షరతులు పాటించి రోడ్డెక్కేది మేము, బేరాలు పంచుకునేది వాళ్లా?

అక్కడ దీనికి భద్రత కోణం కూడా ఉంది. ఉత్తర ఇంగ్లండులోని రాథర్‌హామ్‌ అనే ఊళ్లో బాలికల మీద ఏళ్ల తరబడి సాగిన దారుణాల్లో కొందరు టాక్సీ డ్రైవర్ల పాత్ర ఉందని 2014 నివేదికలో బయటపడింది. తర్వాత ఆ కౌన్సిల్ తన లైసెన్సున్న కార్లలో కెమెరాలు తప్పనిసరి చేసింది. పక్క ఊరి లైసెన్సుతో వచ్చే కారుకు ఆ షరతు వర్తించదు. వుల్వర్‌హాంప్టన్ ప్లేటు (కారుకు తగిలించే లైసెన్సు పలక) ఉన్న కారులో లోపం కనబడినా, మాంచెస్టర్ కౌన్సిల్ అధికారి ఆ లైసెన్సును తానే సస్పెండ్ చేయలేడు. 2022 చట్టం ప్రకారం, భద్రతకు సంబంధించిన తీవ్రమైన అనుమానమైతే పది పనిదినాల్లో లైసెన్సిచ్చిన కౌన్సిల్‌కు రాసి పంపాలి. వారు ఇరవై పనిదినాల్లో బదులివ్వాలి. ప్రయాణం మొదలో చివరో లైసెన్సిచ్చిన ప్రాంతంలోనే ఉండాలన్న నిబంధన తెమ్మని 2018లోనే ప్రభుత్వం వేసిన కమిటీ చెప్పింది. బాలికల మీద ముఠాల లైంగిక దోపిడీ గురించి 2025 జూన్‌లో వచ్చిన బారోనెస్ లూయిస్ కేసీ నివేదిక కూడా ఈ కంత పూడ్చమంది. ప్రభుత్వం ఆ నివేదికలోని సిఫార్సులన్నిటినీ అంగీకరించింది. కాబట్టి మీవాడు తీసుకోబోయే లైసెన్సు ఇవాళ మాంచెస్టర్‌లో చెల్లుతుంది, ఎల్లకాలం చెల్లుతుందనుకుని లెక్కలు వేసుకోవద్దు.

పోలిక అడిగారు, చెబుతాను. గ్రేటర్ మాంచెస్టర్‌లోని పది కౌన్సిళ్లు కలిసి కనీస ప్రమాణాలు పెట్టుకున్నాయి. డ్రైవరుకు స్థానిక పరిజ్ఞాన పరీక్ష, కారు వయసుకు హద్దు వంటివి వాటిలో ఉన్నాయి. అక్కడ లైసెన్సు రావడం కష్టం, కానీ రేపు చట్టం మారినా ఆ ఊళ్లో దానికి ఢోకా ఉండదు. వుల్వర్‌హాంప్టన్‌ది సులువు. అలాగని గాలికి వదిలేసిన కౌన్సిల్ కాదది. శిక్షణ, పరీక్ష అక్కడా ఉన్నాయి, తనిఖీకి తన అధికారులను వేరే నగరాలకూ పంపుతుంది. ఒకచోట దరఖాస్తు తిరస్కరిస్తే ఇంకోచోట దాచి తీసుకోవడం కుదరదు. తిరస్కరణలూ రద్దులూ నమోదయ్యే జాతీయ జాబితాను కౌన్సిళ్లన్నీ చూడవలసిందేనని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. ఏ ఆపరేటరు దగ్గర పని చేయదలిచాడో ముందు వారినే అడగమనండి. కొందరు ఆపరేటర్లు సొంతంగా ప్రాంతాల హద్దులు పెట్టుకుంటారు. ఇంతకు మించి ఈ పోలికను సాగదీయను. మీవాడి భవిష్యత్తు తేలేది ఈ రెండు ఊళ్ల మధ్య కాదు, క్యాలెండరు మీద.

మీవాడి గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు. పొడిగింపు లేదు. ఎనిమిది నెలలు గడిచాయంటే మిగిలింది సుమారు పదహారు. క్యాబ్ డ్రైవరు లైసెన్సు ఇవ్వాలంటే కనీసం పన్నెండు నెలలుగా కారు నడపడానికి అర్హత ఉండాలని చట్టం. లండన్‌లో అయితే మూడేళ్లు. మన దేశపు డ్రైవింగ్ లైసెన్సును అక్కడి దానితో మార్చుకోవడానికి వీల్లేదు. మన లైసెన్సుతో అక్కడ నివాసం మొదలైన తొలి ఏడాది మాత్రమే నడపవచ్చు, తర్వాత అక్కడి పరీక్ష పాసవ్వాలి. మీవాడు ఆ పరీక్ష ఎప్పుడు పాసయ్యాడు? కిందటి నెలలోనా? అయితే మిగిలిన వీసాలో సింహభాగం లైసెన్సు కోసం ఎదురుచూడటానికే పోవచ్చు. ఆపైన వైద్య పరీక్ష, ఆంగ్ల పరీక్ష, నేరచరిత్ర తనిఖీ. విదేశంలో మూడు నెలలకు పైగా ఉన్నవారిని ఆ దేశపు పోలీసు ధ్రువపత్రం కూడా అడుగుతారు. 2016 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, వీసా ఏ రోజు ముగిస్తే ఈ లైసెన్సు గడువూ ఆ రోజుకే ఆగిపోతుంది.

క్యాబ్ నడుపుతూ అక్కడే స్థిరపడే దారి కూడా లేదు. కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసాకు 2025 జూలై 22 నుంచి సాధారణంగా డిగ్రీ స్థాయి ఉద్యోగమే ఉండాలి. జీతం ఏడాదికి 41,700 పౌండ్లు, చదువు ముగించి కొత్తగా చేరేవారికి 33,400. ఆయా ఉద్యోగాన్ని బట్టి ఇంకా ఎక్కువే అడగవచ్చు. టాక్సీ నడపడం ఆ జాబితాలో లేదు. స్టీరింగు ముందు గడిపిన గంటలు అద్దె కడతాయి, అప్పులో కొంత తీరుస్తాయి. వీసా మాత్రం తెచ్చిపెట్టవు.

ఇక నిజంగా భయపడవలసిన చోటు చెబుతాను. శుక్రవారం రాత్రి పదకొండున్నర, డీన్స్‌గేట్ వీధి, సన్నగా వాన. మీవాడు కారు పక్కకు ఆపి తర్వాతి బుకింగు కోసం ఫోను చూస్తుంటాడు. ఎవరో అద్దం మీద తట్టి, ఇరవై పౌండ్ల నోటు చూపించి, పక్క వీధే, దింపెయ్ అంటారు. ఎక్కించుకున్నాడా, బుకింగు లేని ప్రయాణం నేరం. పైగా అలాంటి ప్రయాణానికి సాధారణంగా బీమా వర్తించదు. బీమా లేకుండా నడిపితే డ్రైవింగ్ లైసెన్సు మీద కనీసం ఆరు పెనాల్టీ పాయింట్లు పడతాయి. అక్కడి పరీక్ష పాసైన రెండేళ్లలో ఆరు పాయింట్లు పడితే డ్రైవింగ్ లైసెన్సే రద్దు. ఇరవై పౌండ్లకు మొత్తం పోతుంది. ఇంకోటి: ప్రైవేట్ హైర్ ప్లేటున్న కారును బ్యాడ్జి (క్యాబ్ డ్రైవరు లైసెన్సు) లేని స్నేహితుడు కూరగాయలకని తీసుకెళ్లినా నేరమే. ఇక వేరేవాళ్ల బ్యాడ్జి మీద, వేరేవాళ్ల యాప్ ఖాతాలో నడపడం, స్టూడెంట్ వీసా మీద ఉండి సొంత సంపాదనకు దిగడం, వీటి వల్ల వీసాకే ఎసరొస్తుంది. పోలీసులు పట్టుకుంటారేమోనని భయపడవలసింది ఇలాంటి వాటికి.

ఇప్పుడు మీతో నాలుగు మాటలు. కొంచెం కటువుగా ఉంటాయి.

ఏడాది మాస్టర్స్ మోజు మీద నాకు మొదటి నుంచీ అనుమానాలున్నాయి. అక్కడి పెద్ద కంపెనీలు తర్వాతి ఏడాది నియామకాలకు దరఖాస్తులు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో తీసుకుంటాయి. మన పిల్లలు విమానం దిగేదీ సరిగ్గా అప్పుడే. గది వెతుక్కుని, బ్యాంకు ఖాతా తెరుచుకుని, పార్ట్‌టైమ్ పని చూసుకుని ఊపిరి పీల్చుకునేసరికి ఆ తలుపులు మూసుకుంటాయి. తర్వాత పరీక్షలు, ప్రాజెక్టు రిపోర్టు, అంతే, కోర్సు అయిపోతుంది. ఈ సంగతి మీకు కన్సల్టెన్సీ చెప్పిందా? విద్యార్థిని చేర్పించినందుకు వారికి చాలా విశ్వవిద్యాలయాలు కమీషన్ ఇస్తాయి, వారెందుకు చెబుతారు? ఇల్లు తాకట్టు పెట్టేముందు మీరైనా అడగవలసింది. ఆ కోర్సు చదివినవారిలో ఎందరికి స్పాన్సర్‌షిప్ దొరికిందని ఒక్కసారి అడిగారా? పక్కింటివాళ్ల అబ్బాయి వెళ్లాడు కాబట్టి మావాడూ వెళ్లాలనుకున్నారు. మీ ఒక్కరినే అనడం లేదు, ఊరూరా ఇదే వరస. కానీ ఆ నిర్ణయం పెద్దవాళ్లది. ఇప్పుడు దాని బరువంతా కుర్రాడి నెత్తిన పెట్టి, బంధువుల ముందు తలెత్తుకోలేకపోతున్నామనడం ఏం న్యాయం?

తప్పు చేయలేదు మీవాడు. పని దొరకనంత మాత్రాన చేతులు ముడుచుకుని కూర్చోకుండా, చట్టం ఒప్పుకునే పని వెతుక్కుని, దాచకుండా మీకు చెప్పాడు. చాలామంది పిల్లలు ఆ ఒక్క పనే చేయరు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని చెప్పి గోదాముల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లు ఉన్నారు. అబద్ధం మొదలయ్యాక సాయం అడగడానికి కూడా నోరు రాదు. బంధువులు అడిగితే, ఉద్యోగం చూసుకుంటున్నాడు, ఈలోగా క్యాబ్ నడుపుతున్నాడు అని చెప్పండి. అంతకు మించి వివరణ ఎవరికీ బాకీ లేరు. రోజూ ఫోనులో ఈఎంఐ గురించి అడిగే అలవాటు ఉంటే మానెయ్యండి. ఆ తేదీ అతనికి మీకంటే బాగా గుర్తుంటుంది.

అతనికి నా సలహా ఇది. లైసెన్సు వచ్చేంత సమయం వీసాలో ఉంటేనే దరఖాస్తు చెయ్. నడిపేది శుక్ర, శని, ఆదివారాలకు పరిమితం చేసుకో. యాప్ కంపెనీలు సాధారణంగా ప్రయాణం సాగినంతసేపటికే డబ్బిస్తాయి, ఎదురుచూసే గంటలు నీ ఖాతాలోనే పోతాయి, అందుకే గిరాకీ ఉండే వేళలే ఎంచుకో. సోమవారం నుంచి గురువారం వరకు ఉద్యోగ వేట. స్పాన్సర్ చేసే అర్హత ఉన్న కంపెనీల జాబితా బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైటులోనే ఉంది, దాన్ని ముందు పెట్టుకుని దరఖాస్తులు పంపు. వీసాకు ఆరు నెలలు మిగిలేసరికి ఒక్క కంపెనీ కూడా స్పాన్సర్ చేయడానికి మొగ్గు చూపకపోతే, హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాలకు కూడా దరఖాస్తులు మొదలుపెట్టు. వెనక్కి వచ్చినవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. ఆరు నెలలు, ఏడాది తంటాలు పడతారు, తర్వాత కుదురుకుంటారు.

కారుకు డబ్బు మాత్రం పంపకండి. కారు ప్లేటు కూడా కౌన్సిల్ ఇచ్చేదే. రేపు చట్టం మారితే వుల్వర్‌హాంప్టన్ ప్లేటున్న కారు మాంచెస్టర్‌లో ఎందుకూ పనికిరాకపోవచ్చు, పైగా మీవాడి వీసా ముగిసే రోజున దాన్ని అయినకాడికి అమ్ముకోవాలి. ప్లేటుతో, బీమాతో సహా కార్లను వారం అద్దెకిచ్చే సంస్థలు ఉంటాయి, వాటి దగ్గర తీసుకోమనండి. నాలుగు వారాలు నడిపి, అద్దె, ఇంధనం పోగా చేతిలో ఎంత మిగిలిందో కాగితం మీద రాసి పంపమనండి. అంతవరకు ఆ ఆరు లక్షలు మీ దగ్గరే ఉంచుకోండి. స్పాన్సర్‌షిప్ దొరికితే వీసా రుసుములకు, ఆరోగ్య సర్‌చార్జీకి అక్కరకొస్తాయి. దొరక్కపోతే తిరుగు టికెట్టు తీసి, మిగిలింది బ్యాంకులో అప్పుకు జమ కట్టండి.