పాంథియన్ అంటే గుడా, దేవుళ్ల గుంపా?

రెండూనూ, పైగా మూడో అర్థం కూడా ఉంది. గ్రీకులో ‘పాన్’ అంటే అన్నీ, ‘థియోస్’ అంటే దేవుడు, కాబట్టి మొదట్లో ఇది దేవుళ్లందరికీ కలిపి కట్టిన గుడి. రోమ్‌లో ఇప్పుడు కనిపించేది హాడ్రియన్ చక్రవర్తి కాలంలో కట్టింది, తమాషా ఏంటంటే ముందు భాగం మీద మాత్రం అంతకుముందు అక్కడే గుడి కట్టించిన రోమన్ సేనాని అగ్రిప్పా పేరే ఉంటుంది. 609లో అది చర్చి అయిపోయింది.

తర్వాత గ్రీకుల జ్యూస్, హేరా, అపోలో లాంటి ఒక జాతి దేవతలందర్నీ కలిపి కూడా ఆ మాటతోనే పిలిచారు. నా దృష్టిలో అసలు మలుపు 1791. ఫ్రెంచ్ విప్లవకారులు పారిస్‌లో కొత్తగా కట్టిన చర్చిని మహనీయుల సమాధి మందిరంగా మార్చి, పాంథియన్ అని పేరు పెట్టి, ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ అస్థికల్ని అక్కడికి చేర్చారు. దేవుళ్ల చోట్లోకి మనుషులొచ్చారన్నమాట. ఇప్పుడు ‘క్రికెట్ పాంథియన్’ అంటే ఆ ఆటలో మహామహుల వరసే, పూజలతో పనిలేదు.