పుట్టస్వామి తీర్పు పూర్తిగా చదివితేనే గోప్యత హక్కు గురించి రాయాలా?

లా చదువుతూ డిజిటల్ గోప్యత తీర్పుల మీద తెలుగులో రాయాలనుకుంటున్నారు, గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తేల్చిన 547 పేజీల పుట్టస్వామి తీర్పు ఆసాంతం చదవాలా అని అడిగారు. ఎప్పటికైనా చదవక తప్పదు. కానీ మొదలు అక్కడ పెట్టకండి.

ముందు కెనరా బ్యాంకు కేసు పట్టుకోండి. 2004లో సుప్రీంకోర్టు తేల్చిన ఈ వివాదం మన హైదరాబాదుదే. స్టాంపుల చట్టం 73వ సెక్షనుకు ఆంధ్రప్రదేశ్ 1986లో సవరణ చేసింది. దాని ప్రకారం కలెక్టరు ఎవరికి అధికారమిస్తే వాళ్లు వెళ్లి బ్యాంకులో ఉన్న కాగితాలు తిరగేయొచ్చు, పట్టుకుపోవచ్చు. నా కాగితం బ్యాంకు చేతికి ఇచ్చాక దాని మీద నాకు గోప్యత మిగులుతుందా? మిగలదని అమెరికా సుప్రీంకోర్టు 1976లో మిల్లర్ కేసులో చెప్పింది. మన కోర్టు ఒప్పుకోలేదు. గోప్యత మనిషిది, చోటుది కాదు అంది. మీ చాట్ బ్యాకప్ ఇంకెవరి సర్వర్లోనో ఉన్నప్పుడు లేచే ప్రశ్న కూడా ఇదే. అందుకే ఈ పాత కాగితాల కేసు ఇంకా పాతబడలేదు.

తర్వాత పుట్టస్వామి (24 ఆగస్టు 2017). దీన్ని వెనక నుంచి చదవాలి. తొమ్మిదిమంది జడ్జీలు కలిసి ఇచ్చిన ఉత్తర్వు చివర్లో ఉంటుంది, చాలా చిన్నది. గోప్యతకు రాజ్యాంగ రక్షణ లేదన్న పాత ఎం.పి.శర్మ, ఖడక్ సింగ్ తీర్పులు ఎంతమేరకు చెల్లవో అక్కడే ఉంది. ఫలితం ఏకగ్రీవమే గానీ తీర్పులు ఆరు. జస్టిస్ చంద్రచూడ్ రాసినదానికి ఆయనతో కలిపి నలుగురే, అంటే తొమ్మిదిలో సగం కూడా కాదు. కాబట్టి ఆయన వాక్యం ఎత్తి రాసి ‘కోర్టు అంది’ అంటే తప్పు. ఎవరన్నారో పేరు పెట్టండి. పేరా నంబర్లూ ఇలాగే ముంచుతాయి. కోర్టు పీడీఎఫ్‌లో ఒక్కో జడ్జి తీర్పుకూ అంకెలు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, ఎస్‌సీసీ అనే తీర్పుల సంకలనంలో వరసగా సాగుతాయి. గోప్యతపై ఆంక్ష చెల్లుతుందో లేదో తేల్చే మూడంచెల పరీక్ష ఎస్‌సీసీలో 310వ పేరా. ఆ అంకె పట్టుకుని పీడీఎఫ్‌లో వెతికితే దొరకదు.

‘2017లో ఆధార్ సంగతి తేల్చేశారు’ అని రాసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అప్పుడు తేల్చింది గోప్యత ప్రాథమిక హక్కా కాదా అన్నదొక్కటే. ఆధార్ చట్టం మీద తీర్పు 26 సెప్టెంబరు 2018న, 4:1తో వచ్చింది. ప్రైవేటు కంపెనీలు ఆధార్ వాడుకోవడానికి వీలిచ్చిన 57వ సెక్షను భాగాన్ని అందులో కొట్టేశారు. 2019 సవరణతో పార్లమెంటు ఆ సెక్షన్నే తీసేసింది, మరో దారిలో స్వచ్ఛంద వాడకానికి వీలు కల్పించింది. తీర్పు చదవగానే పోస్టు చేసేయకుండా ఆ సెక్షను ఇవాళ ఎలా ఉందో చట్టం తాజా ప్రతిలో చూసుకోండి.

ఆ మూడంచెల్లో ఒకటైన ప్రపోర్షనాలిటీకి ‘దామాషా’ అని రాయొద్దు, చదివేవాళ్లకు ఎన్నికలు గుర్తొస్తాయి. ‘ఆంక్ష అవసరానికి మించకూడదు’ అంటే సరిపోతుంది. సుప్రీంకోర్టు సైటులో కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలున్నాయి. పదాల కోసం చూడండి, ఉటంకించేముందు ఇంగ్లిషు మూలంతో సరిపోల్చండి. సుప్రీంకోర్టు తీర్పుల ఆన్‌లైన్ సంకలనం ఈ-ఎస్‌సీఆర్‌లో అది ఉచితం.

గోప్యత గురించి రాస్తూ కక్షిదారుల ఊరు, ఫోన్ నంబరు దించేయడం మరీ విడ్డూరం. లైంగిక నేరాల కేసైతే బాధితుల పేరు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో 23వ సెక్షను ప్రకారం బడి పేరు, ఇరుగుపొరుగు వివరాలు కూడా రాయకూడదు.