చెవిలో ఇంజెక్షన్ చేస్తే కళ్లు తిరగడం తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ అన్ని రకాలకూ కాదు; ముఖ్యంగా మెనియర్స్ జబ్బు (కళ్లు తిరగడంతో పాటు వినికిడీ తగ్గే లోపలి చెవి జబ్బు) మాత్రలకు లొంగనప్పుడు ఈ ఇంజెక్షన్ ఇస్తారు.

సన్నని సూదితో కర్ణభేరి గుండా మధ్య చెవిలోకి మందు వేస్తారు. అక్కడి నుంచి అది ఒక పలచని పొర దాటి లోపలి చెవిలోకి ఇంకుతుంది. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కణాలను చంపదు కాబట్టి, వినికిడి బాగున్నవాళ్లకు సాధారణంగా ముందు దాన్నే వాడి చూస్తారు. జెంటామైసిన్ కథ వేరు. అది యాంటీబయాటిక్కే అయినా ఇక్కడ వాడేది ఇన్ఫెక్షన్ కోసం కాదు, బ్యాలెన్స్ చూసే కణాలను దెబ్బతీస్తుందనే!

ఉదాహరణకు, ఎడమ చెవి జబ్బుతో గది గంటల తరబడి గిర్రున తిరిగి, వాంతులయ్యే మనిషిని తీసుకోండి. ఆ చెవి ఉన్నట్టుండి మెదడుకు తప్పుడు సంకేతాలు పంపుతోంది. జెంటామైసిన్ దాని నోరు నొక్కేస్తుంది. తర్వాత కొన్నాళ్లు నడకలో తూలు ఉండొచ్చు. కుడి చెవి, కళ్ల సాయంతో మెదడు మెల్లగా సర్దుకుంటుంది.

దీంతో వినికిడి కూడా తిరిగొస్తుందని చాలామంది అనుకుంటారు. జెంటామైసిన్‌తో అలా జరగదు, పైగా ఉన్న వినికిడి తగ్గే ప్రమాదం ఉంది. ఇక పక్క మీద దొర్లినప్పుడు కొన్ని సెకన్లు మాత్రమే తిరిగే బీపీపీవీకి ఇంజెక్షన్ అక్కర్లేదు. తలను ఒక క్రమంలో తిప్పించే ఎప్లీ పద్ధతితో చాలామందికి తగ్గిపోతుంది.