సొంత కంప్యూటర్‌లో ఫైలు వెతికితే ఆ మాట బయటికి వెళ్తుందా?

వెళ్లవచ్చు, డెస్క్‌టాప్ సెర్చ్‌కు ఆన్‌లైన్ ఫలితాలు జోడించి ఉంటే, మీరు టైపు చేసిన అక్షరాలు కంపెనీ సర్వర్‌కు చేరతాయి. ఆన్‌లైన్ అంగడిలో ఏ సరుకు ఉందో మీ కంప్యూటర్‌కు తెలియదు. తెలుసుకోవాలంటే అడగాలి, అడగాలంటే మీరు వెతికే మాట చెప్పక తప్పదు.

2012 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 12.10నే తీసుకోండి (ఉబుంటు అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే ఒక ఆపరేటింగ్ సిస్టమ్). అమీర్‌పేట హాస్టల్ గదిలో ఒకరు తమ ‘థైరాయిడ్ రిపోర్టు’ ఫైలు కోసం డాష్ (ఉబుంటులో వెతుకులాట పెట్టె) తెరిచి ‘థైరా’ అని కొట్టారనుకుందాం. ఎంటర్ నొక్కకముందే ఆ ముక్క ఉబుంటును తయారుచేసే కెనానికల్ కంపెనీ సర్వర్‌కు, అక్కడినుంచి అమెజాన్‌కు వెళ్లేది. ఫైలు పక్కనే అమ్మకపు సరుకుల బొమ్మలు వరుస కట్టేవి. ఎవరైనా కొంటే కెనానికల్‌కు కమీషన్ (అసలు సంగతి అదే).

చాలామంది ఫైళ్లే అప్‌లోడ్ అయ్యాయని పొరబడతారు. వెళ్లింది వెతికిన మాట మాత్రమే. అలాగని తేలిగ్గా తీసుకోవలసింది కాదు. జబ్బు పేరు తెలియడానికి రిపోర్టు చదవనక్కరలేదు. కెనానికల్ మధ్యలో ఉంది కాబట్టి అమెజాన్‌కు మన జాడ తెలియదన్నదీ పూర్తిగా నిజం కాదు. మొదట్లో బొమ్మలు నేరుగా అమెజాన్ నుంచే, అదీ ఎన్‌క్రిప్షన్ (దారిలో ఎవరూ చదవకుండా వేసే తాళం) లేకుండా వచ్చేవి కనుక ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో మన కనెక్షన్ గుర్తు, అక్కడ కనిపించేది.

ప్రైవసీ సెట్టింగుల్లో దీన్ని ఆపుకునే వీలుండేది, కానీ ముందే ఆన్ చేసి ఇవ్వడమే తప్పు. 2016లో ఉబుంటు 16.04 నుంచి ముందే ఆఫ్ చేసి ఇచ్చారు. విండోస్ స్టార్ట్ మెనూలో బింగ్ (మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్) ఫలితాలు కనిపిస్తుంటే అక్కడా ఇదే లెక్క.