పావు తెలివి, ముప్పావు ధీమా

ఈసారి ఉత్తరాలన్నీ చెన్నై పాఠకులవే. అన్నింట్లోనూ ఒకే మనిషి కనిపిస్తున్నాడు. కొట్టు దగ్గరో, లిఫ్టులోనో, మన గుమ్మంలోనో ఎదురై, తెలియని సంగతిని తెలిసినవాళ్ళకంటే గట్టిగా చెప్పేవాడు. అతనితో వాదించి గెలిచినవాళ్ళు లేరు. పక్కన నిలబెట్టుకుని పరీక్ష చేసి చూపించడం మాత్రం కుదురుతుంది.

ప్రశ్న: మా వీధి అన్నాచ్చి కొట్టులో పది రూపాయల నాణెం ఇస్తే "చెల్లాదు" అంటాడు. రూపాయి గుర్తు లేనివి, పదిహేను గీతలున్నవి నకిలీవట. టీ కొట్టాయన అసలు ఏ పది నాణెమూ తీసుకోడు. డబ్బాలో అరవై నాణేలు పోగయ్యాయి. ఏం చెయ్యాలి?
— ఒక గృహిణి, పెరంబూరు

జవాబు: చెల్లాదన్నా, చెల్లదన్నా రెండు భాషల్లోనూ తప్పేనమ్మా. పది రూపాయల నాణెం 2009లో చలామణిలోకి వచ్చింది. రూపాయి గుర్తును ప్రభుత్వం 2010లో ఖరారు చేసింది, నాణేల మీదకి అది 2011లో ఎక్కింది. అంతకు ముందు ముద్రించినవాటి మీద లేని గుర్తు ఎక్కణ్ణుంచి వస్తుంది? గీతల సంగతీ అంతే. పాత నమూనాలో పదిహేను, 2011లో వచ్చిన నమూనాలో పది. రెండూ ప్రభుత్వ టంకశాలలవే. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాణెం లాంటి స్మారక నాణేలు కూడా నిక్షేపంగా చెల్లుతాయి. రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న ఒక ప్రకటన ఇచ్చి, అప్పటికి వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని తేల్చి చెప్పింది. 14440 నంబరుకు ఫోను చేసి పెట్టేస్తే తిరిగి ఫోను వచ్చి ఇదే సంగతి వినిపించే ఏర్పాటు కూడా అప్పుడే చేసింది. ఆ ప్రకటన ప్రింటు తీసి అన్నాచ్చికి చూపించండి. ఫోనులో చూపిస్తే ఫార్వర్డు మెసేజీ అనుకుంటాడు.

అతని మొండితనానికీ ఒక కారణం ఉంది. పాల ప్యాకెట్లు వేసేవాడు, బ్రెడ్డు వ్యాను వాడు అతని దగ్గర ఆ నాణేలు తీసుకోరు. వాళ్ళ ఏజెన్సీ వాళ్ళ దగ్గర తీసుకోదు. నకిలీ అన్న మాట మొదట ఎవడన్నాడో ఎవరికీ తెలియదు గానీ, బరువు మాత్రం కింది వాడి గల్లాపెట్టెలో మిగులుతోంది. కాబట్టి అతని మీద దేశద్రోహం సెక్షన్లు చదవకండి. పక్కింటివాళ్ళు అలా చదివి సరుకులు లేకుండా తిరిగొచ్చిన సందర్భాలే ఎక్కువ.

మీ అరవై నాణేలు బ్యాంకుకు తీసుకెళ్ళండి. నాణేలు తీసుకోం పొమ్మనే అధికారం బ్యాంకు శాఖకు లేదు. ఎక్కువ పోగైనవాళ్ళు వందేసి చొప్పున పాలిథీన్ సంచుల్లో కట్టి ఇస్తే క్యాషియరు ముఖం కాస్త ప్రసన్నంగా ఉంటుంది. ఒక చిన్న మెలిక ఉంది. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై విలువ గల నాణేలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకే చట్టబద్ధం. అంటే ఎవరైనా ఐదు వేల బాకీ మొత్తం చిల్లరగా పోస్తే వద్దనే హక్కు అవతలివాళ్ళకుంది. అర్ధరూపాయి నాణేలకు ఆ హద్దు పది రూపాయలు. అన్నట్టు అర్ధరూపాయి ఇంకా చెల్లుతుంది. చెల్లకుండా పోయినవి పావలా, అంతకన్నా చిన్నవి, 2011 జూన్ నెలాఖరుతో.

ఇరవై నాణెం వచ్చాక మరో తికమక. రెండింటి వ్యాసమూ 27 మిల్లీమీటర్లే. పదికి బయట పసుపు, లోపల తెలుపు. ఇరవైకి బయట తెలుపు, లోపల పసుపు, అంచుకు పన్నెండు మూలలు. చీకట్లో ఆటోవాడికి ఇచ్చేముందు అంచు తడిమి చూసుకోండి.

ప్రశ్న: టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి, ఒక గ్లాసులో మా కుళాయి నీళ్ళు, ఇంకో గ్లాసులో తన ఫిల్టరు నీళ్ళు పోసి, కరెంటు కడ్డీలు ముంచాడు. రెండు నిమిషాల్లో మా నీళ్ళు బురదలా అయ్యాయి, అతనివి తేటగానే ఉన్నాయి. "ఇదే సార్ మీ పిల్లలు తాగుతున్నది" అన్నాడు. మా ఆవిడ అప్పటి నుంచి నీళ్ళు ముట్టడం లేదు.
— వేళచ్చేరి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ బురద నీళ్ళలోంచి వచ్చింది కాదు, కడ్డీలోంచి వచ్చింది. ఆ పరికరంలో ఇనుప కడ్డీ, అల్యూమినియం కడ్డీ ఉంటాయి. నీళ్ళలో ఉప్పులు కరిగి ఉంటే కరెంటు పారుతుంది. కరెంటు పారితే ఇనుము కరిగి, తుప్పు రంగులో ముద్దలు ముద్దలుగా తేలుతుంది. ఉప్పుల్ని కూడా వడకట్టే ఆర్వో ఫిల్టరు నీళ్ళలో ఉప్పులు దాదాపు ఉండవు గనక కరెంటు పారదు, ఇనుము కరగదు, నీళ్ళు తేటగా ఉంటాయి. అతను చూపించింది మురికిని కాదు, కరెంటు పారడాన్ని.

మళ్ళీ వస్తే ఇలా చెయ్యండి. ప్లగ్గు తీయించి, అతని తేట నీళ్ళ గ్లాసులోనే మీ వంటింటి ఉప్పు ఒక చిటికెడు వేసి కలిపి, కడ్డీలు మళ్ళీ పెట్టమనండి. మీ నీళ్ళకంటే ముదురు రంగు వస్తుంది. ఈ మాట అనగానే చాలామంది కుర్రాళ్ళకు వేరే అపాయింట్‌మెంటు గుర్తొస్తుంది. ప్లగ్గు ఉండగా నీళ్ళలో మాత్రం వేలు పెట్టకండి, అది ఇంటి కరెంటే.

తరవాత టీడీఎస్ మీటరు తీస్తాడు. అది కూడా కరిగిన ఉప్పుల్నే కొలుస్తుంది, క్రిముల్ని కాదు. గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల పంచదార కలిపి చూడండి, అంకె దాదాపు కదలదు. అదే మీటరును వీధి చివర కొబ్బరిబోండాం నీళ్ళలో ముంచితే వేలల్లో చూపిస్తుంది. దాని ప్రకారం బోండాం విషం అయిపోవాలి. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిదంటుంది. వేరే నీళ్ళు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటుంది.

మరి ఆర్వో అక్కర్లేదా అంటే, నీళ్ళను బట్టి. సముద్రపు ఒడ్డు ప్రాంతాల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అక్కడ అవసరమే. కార్పొరేషను సరఫరా 300, 400 చూపిస్తుంటే ఆర్వో పెట్టి లీటరు తాగడానికి రెండు మూడు లీటర్లు పారబోయడం దండగ. కాచి చల్లార్చండి. కాచడంవల్ల టీడీఎస్ పెద్దగా తగ్గదు, క్రిములు చస్తాయి. గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది సున్నం, దానికి భయపడకండి. ఆర్వో వాడేవాళ్ళు వదిలేసిన నీళ్ళతో ఇల్లు తుడవండి. తులసికోటలో పొయ్యొద్దు.

ప్రశ్న: ఫ్రిజ్ తాకితే జివ్వుమంటుంది. ఎలక్ట్రీషియను వచ్చి, ప్లగ్గులో మూడో పిన్ను అందానికే అన్నాడు. తరవాత స్విచ్‌బోర్డు లోపల ఏదో వైరు కలిపి, ఇక రాదన్నాడు. నిజంగానే రావడం లేదు.
— ఒక పాఠకురాలు, సైదాపేట

జవాబు: ముందు ఆ ఫ్రిజ్ ప్లగ్గు తీసేసి, తరవాత చదవండి. అతను కలిపింది న్యూట్రలు నుంచి సాకెట్లో ఎర్తు పిన్ను దూరే కన్నానికి ఒక వైరు ముక్క అయి ఉంటుంది. మామూలు రోజుల్లో షాకు తెలియదు. ఎప్పుడైనా బయట న్యూట్రలు వైరు తెగిందా, ఫ్రిజ్ ఒళ్ళంతా 230 వోల్టులు ఎక్కి కూర్చుంటుంది. తలుపు తీయబోయిన చెయ్యి అక్కడే అతుక్కుంటుంది.

మూడో పిన్ను అందానికే అయితే మిగతా రెండింటికంటే పొడుగ్గా ఎందుకు చేస్తారు? ప్లగ్గు గుచ్చేటప్పుడు అందరికంటే ముందు తగలాలని, పీకేటప్పుడు ఆఖర్న వదలాలని. ఇంకో ఎలక్ట్రీషియన్ని, మీటరు ఉన్నవాణ్ణి పిలవండి. ముందు ఆ ముక్క తీయించాలి. ఆపైన సాకెట్లో మూడు కొలతలు చూడమనండి. ఫేజుకీ న్యూట్రలుకీ మధ్య 230 దగ్గర, ఫేజుకీ ఎర్తుకీ మధ్య దాదాపు అంతే, న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు. రెండో కొలత బాగా తక్కువగా వస్తే మీ సాకెట్టుకు ఎర్తు లేదు, లేదా మధ్యలో తెగింది. ముక్క తీయకుండా కొలిస్తే మూడూ బాగానే చూపిస్తాయి, అదే దాని మాయ. అపార్టుమెంటు వెనక ఎర్తు గుంట ఎండలకు ఎండిపోయినా, ఉప్పుగాలికి క్లాంపు తుప్పు పట్టినా ఎర్తు పనిచెయ్యదు. వేసవిలో గుంటలో వారానికో బకెట్టు నీళ్ళు పోయించండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్చు, లేకపోతే పెట్టించండి. ఉంటే దాని మీద ‘టి’ అని ఉన్న బొత్తాన్ని నెలకోసారి నొక్కండి, ఠక్కున పడిపోవాలి. పడకపోతే అది గోడకు తగిలించిన బొమ్మ.

ప్రశ్న: సిలిండరు మీద బి-27 అని ఉంది. 2027 జూన్ తరవాత లోపలి గ్యాసు పాడైపోతుందని మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు.
— కోడంబాక్కం

జవాబు: గ్యాసు పాడవదు, అది పెరుగు కాదు. ఆ తేదీ ఇనుప బండది. ఎ అంటే జనవరి–మార్చి, బి ఏప్రిల్–జూన్, సి జులై–సెప్టెంబరు, డి అక్టోబరు–డిసెంబరు. ఆ గడువు లోపు సిలిండరును నీటి ఒత్తిడి పరీక్షకు పంపాలి. గడువు దాటిన బండ తెస్తే దించుకోకండి, మార్చి తెమ్మనండి.

అంతకన్నా ముఖ్యమైనవి రెండు. బండ మీద ఖాళీ బరువు కొట్టి ఉంటుంది. 15.8 అని ఉంటే, దానికి 14.2 కిలోలు కలిపి 30 కిలోలు తూగాలి. తెచ్చినతని దగ్గరున్న కాటా మీద పెట్టించండి. సీలు తీశాక మూతి మీద నాలుగు చుక్కల నీళ్ళు వెయ్యమనండి. బుడగ వస్తే మూతి లీకవుతున్నట్టే. గ్యాసు వాసన వేస్తే స్విచ్చులు ముట్టకుండా, కిటికీలు తీసి, బయటికి వెళ్ళి 1906కి ఫోను చెయ్యాలి.

ఆఖరి రోజుల్లో మంట తగ్గిందని బండను పడుకోబెట్టేవాళ్ళున్నారు. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటరులోకి దిగి, మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. ఇంకా ఎంత ఉందో తెలియాలంటే తడిగుడ్డతో బండ చుట్టూ తుడిచి ఓ నిమిషం చూడండి. ద్రవం ఉన్న మేరకు తడి ఆలస్యంగా ఆరుతుంది.

ప్రశ్న: పొద్దున్నే పెట్రోలు పోయిస్తే చల్లగా ఉండి ఎక్కువొస్తుందని మా మావయ్య ఐదింటికే లేపుతున్నారు.
— అంబత్తూరు

జవాబు: నిద్రపోనివ్వమని చెప్పండి. పది డిగ్రీల తేడాకు పెట్రోలు సుమారు ఒక శాతం ఉబ్బుతుంది, ఐదు లీటర్లకు 50 మిల్లీలీటర్లు. కానీ బంకులో ట్యాంకు భూమి లోపల ఉంటుంది, తెల్లారికీ మధ్యాహ్నానికీ అక్కడ ఆ తేడా రానే రాదు. కొలత మీద అనుమానం ఉంటే, ప్రతి బంకులోనూ తూనికలశాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉంటుంది. పట్టి చూపించమని అడిగే హక్కు మీది. 25 మిల్లీలీటర్ల దాకా తేడా అనుమతే.

ప్రశ్న: లిఫ్టు త్వరగా రావాలని మా ఫ్లోరువాళ్ళంతా పైకి, కిందికి రెండు బొత్తాలూ నొక్కుతారు.
— టి.నగర్

జవాబు: అందుకే ఆలస్యంగా వస్తోంది. ఆ బొత్తాలు లిఫ్టును పిలవడానికి కావు, మీరు ఎటు వెళ్ళాలో చెప్పడానికి. రెండూ నొక్కితే పైకి వెళ్ళేటప్పుడోసారి, కిందికి వచ్చేటప్పుడోసారి మీ ఫ్లోరులో ఆగుతుంది. ‘లిఫ్టు పైనుంది కదా, కిందికి రావాలి కదా’ అని కింది బాణం నొక్కేవాళ్ళకు ఒక్క మాట: బాణం మీది, లిఫ్టుది కాదు.

ప్రశ్న: చెన్నైకి కృష్ణా నీళ్ళు వస్తాయంటే మా ఎదురింటాయన నవ్వుతాడు. అదంతా రాజకీయ నాయకుల కథ అంటాడు. మావాళ్ళది కర్నూలు, అందుకే అడుగుతున్నాను.
— ఒక పాఠకుడు, మాధవరం

జవాబు: కథ కాదండీ, కాలువ. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ వాటాల్లోంచి తలా ఐదు టీఎంసీలు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. దారిలో ఆవిరయ్యే మూడూ పోను పన్నెండు టీఎంసీలు చెన్నైకి ఇవ్వాలని 1983లో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. శ్రీశైలం జలాశయంలో పోతిరెడ్డిపాడు దగ్గర తీసుకున్న నీరు సోమశిలకు, కండలేరుకు చేరుతుంది. అక్కణ్ణుంచి 152 కిలోమీటర్లు కాలువలో వచ్చి, ఊత్తుకోట్టై దగ్గర సరిహద్దు దాటి పూండి చెరువులో పడుతుంది. మొదటిసారి 1996లో వచ్చింది. పన్నెండూ పూర్తిగా రాని సంవత్సరాలే ఎక్కువ, ఎదురింటాయన నవ్వులో ఆపాటి న్యాయం ఉంది. అయినా ఒక టీఎంసీ అంటే సుమారు 2832 కోట్ల లీటర్లు. కొసరు వచ్చినా కొసరేం కాదు.

పూండి నుంచి చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువుల నీళ్ళు, వీరాణం నీళ్ళు, నెమ్మేలిలో 2013 నుంచి ఉప్పు తీసిన సముద్రపు నీళ్ళు, అన్నీ ఈ ఊరి సరఫరాలోవే. మీ కుళాయిలో పడే చెంబుడు నీళ్ళలో కృష్ణ ఎంతో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఎదురింటాయన్ని ఓ ఆదివారం పూండి తీసుకెళ్ళండి, మాధవరం నుంచి గంటన్నర ప్రయాణం. కండలేరు నుంచి నీళ్ళు వదిలిన నెలల్లోనే వెళ్ళండి. ఎండిన కాలువ చూపిస్తే మళ్ళీ నవ్వుతాడు.